కొలిమి ఉన్న ఇల్లు: ఒక స్కాటిష్ పల్లె కమ్మరి కుటుంబం, ఆరు సెన్సస్‌లు

1851 మార్చి 30, ఆదివారం రాత్రి. అబర్డీన్‌షైర్‌లో అల్ఫోర్డ్ లోయ. రోడ్డు పక్కన ఒక కొలిమి, దాన్ని ఆనుకుని ఇల్లు. ఆ రాత్రి ఆ కప్పు కింద ఎనిమిది మంది పడుకున్నారు: 42 ఏళ్ల కమ్మరి, 39 ఏళ్ల భార్య, 13, 11, 8, 4 ఏళ్ల పిల్లలు, 70 ఏళ్ల అత్తగారు, 17 ఏళ్ల అప్రెంటిస్. వృత్తి గడిలో ఉన్న మాట: "కమ్మరి, యజమాని, ఒక మనిషి, ఒక అప్రెంటిస్ పనిలో ఉన్నారు."

అప్రెంటిస్ ఇంట్లోనే కనిపిస్తున్నాడు. ఆ మనిషి ఏడీ? పదేళ్ల కిందటి లెక్కల్లో ఆరేళ్లున్న పెద్దకూతురు ఏమైంది? అత్తగారి ఇంటిపేరు అల్లుడిదీ కాదు, కూతురి పుట్టింటిదీ కాదు. మరి ఎవరిది?

ఈ ప్రశ్నలను ఒక్కొక్కటిగా ఎలా తేల్చాలో చూపడానికే ఈ కేసు. ఇది నమూనాగా కూర్చిన ఇల్లు. ఆ ప్రాంతపు కమ్మరి ఇళ్ల పత్రాల్లో మళ్లీ మళ్లీ తగిలే చిక్కులను ఒకే కుటుంబంలో పెట్టాం, అందుకే మనుషులకు పేర్లు లేవు. సెన్సస్ తేదీలు, ఫారాల్లోని గడులు, వాటిని నింపిన నియమాలు మాత్రం అసలువే.

పల్లె చేతివృత్తివాళ్ల ఇంటిని లెక్కల్లో చదవబోయే ముందు ఒకటి మనసులో పెట్టుకోవాలి. ఆ జాబితా కుటుంబానిది కాదు, ఒక రాత్రి ఒక కప్పు కింద ఉన్నవాళ్లది. పైగా కమ్మరి ఇల్లంటే పనిశాల కూడా. కొలిమి పని ఒంటిచేతి పని కాదు. కాగిన ఇనుమును పట్టుకారుతో దాగలి మీద ఉంచి, చిన్న సుత్తితో ఎక్కడ దెబ్బ పడాలో చూపేవాడు ఒకడు. సమ్మెట ఎత్తి కొట్టేవాడు ఇంకొకడు. కొడుకు చేతికి అందిరానంతకాలం ఆ రెండో జత చేతులు బయటినుంచి రావాలి. ఇంట్లో ఎవరున్నారు, ఎవరు లేరు అన్నదాన్ని పుట్టుకలూ పెళ్లిళ్లూ ఎంతగా నిర్ణయిస్తాయో, ఈ సమ్మెట పట్టే చేతుల లెక్క కూడా అంతే నిర్ణయిస్తుంది. ఆరు సెన్సస్‌లనూ ఈ లెక్కతో చదివితే చాలా ముడులు వాటంతట అవే వదులవుతాయి.

ముందు ఫారం, తర్వాత మనిషి

మనకు దొరికేది ఇంటివాళ్లు నింపిన కాగితం కాదు. ముందు వారంలో ఎన్యూమరేటర్ (లెక్కలు రాసే మనిషి) ఇంటింటికీ కాగితాలు ఇచ్చేవాడు, సోమవారం వెనక్కి తీసుకునేవాడు, తర్వాత తన పుస్తకంలోకి ఎత్తి రాసుకునేవాడు. ఇళ్ల కాగితాలు నిలవలేదు, మిగిలింది ఆ పుస్తకమే. పల్లెల్లో ఈ పని తరచూ బడిపంతులు మీద పడేది. దస్తూరీ బాగుంటుంది. కానీ పంతులు తనకు తెలిసిన స్పెల్లింగులో పేర్లు దిద్దేస్తాడు, తనకు తెలిసిన ఊరి పేరు రాసేస్తాడు. దాని మీద లెక్కలు కట్టే గుమాస్తాల పెన్సిలు గీతలు కూడా పడతాయి. వయసుల గడిలో అడ్డంగా వెళ్లిన గీత 3ను 8గా చూపిస్తుంది. వయసు మీద అనుమానం వస్తే ఇండెక్సును పక్కనపెట్టి పేజీ బొమ్మ తెరవాల్సిందే.

1841, 1851 లెక్కలు లండన్ నుంచి నడిచాయి. 1855 జనవరి 1న స్కాట్లండ్‌లో ప్రభుత్వ జనన, మరణ, వివాహ నమోదు మొదలైంది. 1861 నుంచి లెక్కలు కూడా ఎడింబరోలోని రిజిస్ట్రార్ జనరల్ చేతికి వచ్చాయి. కిటికీ ఉన్న గదులు ఎన్ని అన్న ప్రశ్న 1861 నుంచి స్కాటిష్ ఫారంలో కనిపించడానికి కారణం ఇదే. ఇంగ్లండ్ ఫారాలకు అలవాటు పడ్డవాళ్లు ఈ గడిని చూడకుండా దాటేస్తుంటారు.

పేజీ బొమ్మలు స్కాట్లండ్స్‌పీపుల్ సైట్‌లో డబ్బు కట్టి చూడాలి. మిగతా పెద్ద సైట్లలో ఉన్నది చాలావరకు ఎత్తిరాత మాత్రమే. ఖర్చు తగ్గాలంటే ముందు ఫ్రీసెన్ అనే ఉచిత సైట్ ఎత్తిరాతల్లోనో, 1881కైతే ఫ్యామిలీసెర్చ్ సైట్‌లోనో ఇంటిని గుర్తుపట్టి, ఆ తర్వాతే బొమ్మ కొనాలి. బొమ్మ చూసిన వెంటనే రిజిస్ట్రేషన్ డిస్ట్రిక్ట్ నంబరు, ఎన్యూమరేషన్ డిస్ట్రిక్ట్ నంబరు, పేజీ నంబరు మూడూ రాసుకోవాలి. పారిష్ (ఒక చర్చి కింది ఊళ్ల పరిధి) పేరొక్కటే రాసుకుని వదిలేస్తే మళ్లీ ఆ పేజీ దొరకడానికి ఒక పూట పడుతుంది.

1841 జూన్ 6

ఆ పేజీలో ఉన్నవాళ్లు: కమ్మరి, వయసు 30. వేరే ఇంటిపేరుతో ఒక స్త్రీ, 25. ఆడపిల్ల 6, మగపిల్లలు 4, 1. తర్వాత 20 ఏళ్ల మగవాడు, పక్కన "జె" అక్షరం. 15 ఏళ్ల కుర్రాడు, అతని పక్కన అప్రెంటిస్‌కు వాడే పొట్టి రాత. చివర 15 ఏళ్ల పనిపిల్ల. మొత్తం ఎనిమిది మంది. ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పే గడి ఈ ఫారంలో లేదు. పెళ్లైందా లేదా అన్న గడీ లేదు.

వేరే ఇంటిపేరు చూసి ఆమెను పనిమనిషి అనుకోవడమో, పెళ్లి కాకుండా కలిసి ఉంటున్నారు అనుకోవడమో చాలామంది చేసే పొరపాటు. స్కాట్లండ్‌లో పెళ్లైన స్త్రీకి పుట్టింటి ఇంటిపేరు పోదు. సమాధిరాళ్ల మీద, చర్చి పుస్తకాల్లో, కోర్టు కాగితాల్లో అదే పేరు నడుస్తుంది; సెన్సస్‌లోకీ అప్పుడప్పుడు జారుతుంది. ఇక్కడ పిల్లలకు కమ్మరి ఇంటిపేరు ఉంది, ఆమె పేరు కమ్మరి కిందే, పిల్లలకు పైన ఉంది. భార్య అనుకోవడానికి అది చాలు. రుజువు మాత్రం పారిష్ పుస్తకంలోని 1834 పెళ్లి నమోదు నుంచే రావాలి. అక్కడ ఇంకో మెలిక ఉంది: వరుడి పారిష్, వధువు పారిష్ రెండూ రాసుకుంటాయి, తేదీలు కలవవు. ఒకచోట పెళ్లి ప్రకటన చదివిన రోజు ఉంటుంది, ఇంకోచోట పెళ్లి రోజు. రెండు తేదీలు కనిపిస్తే రెండు జంటలు అనుకోకూడదు.

ఇదే కౌంటీలో (జిల్లా లాంటిది) పుట్టారా అన్న గడిలో కమ్మరికీ పిల్లలకూ "వై" (అవును), ఆమెకు "ఎన్" (కాదు). అంటే అదే కౌంటీలో పుట్టలేదని మాత్రమే అర్థం. ఇంగ్లండ్‌లోనో ఐర్లండ్‌లోనో పుట్టి ఉంటే పక్క గడిలో "ఇ" లేదా "ఐ" పడేది. ఆ గడి ఖాళీగా ఉంది కాబట్టి ఆమె వేరే స్కాటిష్ కౌంటీలో పుట్టింది. 1851 పేజీ దాన్ని తేల్చింది: బాన్ఫ్‌షైర్, కీత్.

ఇక వయసులు. 15 దాటినవాళ్ల వయసును కిందికి, దగ్గరి అయిదుకు దింపి రాయాలని ఆ ఏడు నియమం. కాబట్టి 30 అంటే 30 నుంచి 34 లోపు ఏదైనా. 25 ఉన్న భార్య అసలు 29 కావచ్చు. అప్రెంటిస్ 15 అంటే 15 నుంచి 19. అందరు ఎన్యూమరేటర్లూ ఈ నియమం పాటించలేదు. అదే పేజీలో 37, 52 లాంటి అంకెలు కనిపిస్తే ఆ మనిషి దింపకుండా రాస్తున్నాడని తెలుసుకోవాలి. ఇంటి ఒక్కదాన్నీ కాకుండా పేజీ మొత్తం చదవమని చెప్పేది ఇందుకే.

ఆ "జె" జర్నీమన్‌కు గుర్తు. పని నేర్చుకోవడం పూర్తయి, సొంత కొలిమి లేక కూలికి పనిచేసేవాడు. పిల్లలు చిన్నవాళ్లు కాబట్టి సమ్మెట జర్నీమన్ చేతిలో, తిత్తి అప్రెంటిస్ చేతిలో ఉండాలి. భార్య చేతిలో ఏడాది పిల్లాడు, ఎనిమిది మందికి వంట, కాబట్టి పనిపిల్ల. ఇంటి ఆకారం మొత్తం పని అవసరం నుంచి వచ్చింది.

ఈ ఆరింటిలో జూన్ నెల ఈ ఒక్క సెన్సస్‌కే. స్కాట్లండ్ పల్లెల్లో పాలేర్లు, పనిపిల్లలు కుదురు మారే రోజులు రెండు: మే 15 విట్‌సండే, నవంబర్ 11 మార్టిన్‌మస్. పాత క్యాలెండర్ పట్టుకున్న చోట మే 26, నవంబర్ 22. 1841లో లెక్క తీసుకున్నది మే మార్పిడి ముగిసిన కొద్ది రోజులకే. పనిపిల్ల ఆ ఇంటికి వచ్చి పది రోజులే అయి ఉండవచ్చు. 1851 నుంచి 1891 దాకా లెక్కలన్నీ మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో పడ్డాయి. అది దుక్కుల కాలం. అరిగిన కర్రులు కాల్చి సాగదీయించుకోవడానికి రైతులు కొలిమి ముందు నిలబడే రోజులు. ఆ నెలల్లో కమ్మరి ఇంట్లో కనిపించే చేతుల సంఖ్య ఏడాది పొడుగునా ఉన్నదని అనుకోకూడదు.

ఫైఫ్ అనే ఇంకో స్కాటిష్ కౌంటీలో ఇలాంటి కుటుంబాన్ని వెతికేవాళ్లకు ఒక మాట. కూపర్, ఆక్టర్‌మక్టీ, కింగ్‌హార్న్, కర్కాడీ లాంటి కొన్ని పారిష్‌ల 1841 పుస్తకాలు ఇప్పుడు లేవు. అక్కడ 1851 నుంచే మొదలుపెట్టాలి.

కమ్మరి పుట్టిన ఏడాది తేల్చడం

అయిదు సెన్సస్‌లలో అతని వయసు 30, 42, 50, 62, 72. "సుమారు 1810" అని రాసి ముందుకు పోవడం తేలిక. కానీ ఇందులో ఎక్కువ సమాచారమే ఉంది. ప్రతి వయసునూ ఒక తేదీల మధ్య దూరంగా మార్చాలి.

1841లో 30, అంటే 30-34: పుట్టుక 1806 జూన్ 7 నుంచి 1811 జూన్ 6 మధ్య. 1851 మార్చి 30న 42: 1808 మార్చి 31 నుంచి 1809 మార్చి 30 మధ్య. 1861 ఏప్రిల్ 7న 50: 1810 ఏప్రిల్ 8 నుంచి 1811 ఏప్రిల్ 7 మధ్య. 1871 ఏప్రిల్ 2న 62: 1808 ఏప్రిల్ 3 నుంచి 1809 ఏప్రిల్ 2 మధ్య. 1881 ఏప్రిల్ 3న 72: 1808 ఏప్రిల్ 4 నుంచి 1809 ఏప్రిల్ 3 మధ్య.

1861 ఒక్కటే మిగతావాటితో కలవదు. మిగతా నాలుగూ ఒకదాని మీద ఒకటి పడే చోటు 1808 ఏప్రిల్ 4 నుంచి 1809 మార్చి 30 దాకా. పారిష్ పుస్తకంలో వెతకాల్సింది ఆ పన్నెండు నెలలు. 1808 అక్టోబర్‌లో ఒక బాప్తిస్మం సరిగ్గా అందులో పడింది. 1861లో 50 ఎందుకైంది? యాభై దాటినవాళ్ల వయసు గుండ్రని అంకెకు జారడం ఆ పుస్తకాల్లో సాధారణం. ఒక్క అంకె కలవలేదని మనిషిని వదిలేయకూడదు. మూడు అంకెలు కలవకపోతే మాత్రం వేరే మనిషి వెంట పడ్డామేమో చూసుకోవాలి.

పుట్టిన ఊరు కూడా జారుతుంది. ఈ కమ్మరికి 1851లో లియోఖెల్-కుష్నీ, 1861లో ఒట్టి కుష్నీ, 1871లో పక్క పారిష్ టఫ్ అని ఉంది. మొదటి రెండూ ఒకే చోటు, రెండు పారిష్‌లు కలిసిన పేరులో సగం. మూడోది పొరుగు. ఇంట్లో ఆ కాగితం నింపిన మనిషి మారినప్పుడు ఊరూ మారుతుంది. చిన్నప్పటి నుంచి ఎరిగినవాళ్లు చెప్పిన మాటకు ఎక్కువ విలువ ఇవ్వాలి. 1871 కాగితం నింపింది కొడుకైతే, తండ్రి పుట్టిన ఊరు అతనికి విన్న మాటే.

1851: కనిపించని మనిషి, కనిపించని కూతురు

ఈ ఏడు ఫారం ఎంతో మెరుగు. ఇంటిపెద్దకు ఏమవుతారు, పెళ్లి సంగతి, కచ్చితమైన వయసు, పుట్టిన పారిష్ అన్నీ ఉన్నాయి. యజమానులు ఎంతమందికి పని ఇస్తున్నారో రాయాలన్న నియమమూ ఉంది.

అందుకే ఇంట్లో పడుకున్నవాళ్లనూ, పనిలో ఉన్నారని చెప్పినవాళ్లనూ పక్కపక్కన పెట్టాలి. ఒక మనిషి తక్కువ. ముందుకు రెండు పేజీలు, వెనక్కి రెండు పేజీలు చదివితే, నాలుగిళ్ల అవతల ఒక విధవరాలి ఇంట్లో అద్దెకున్న 26 ఏళ్ల "జర్నీమన్ కమ్మరి" దొరికాడు. ఎన్యూమరేటర్ తిరిగిన ఆ నడకదారిలో ఇంకో కొలిమి లేదు. అది నిర్ధారించడానికి పుస్తకం మొదట ఎన్యూమరేటర్ రాసిన హద్దుల వర్ణన చదవాలి. తర్వాత నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ సైట్‌లో ఉచితంగా దొరికే, మైలుకు ఆరు అంగుళాల ఆర్డ్‌నెన్స్ సర్వే (ప్రభుత్వ సర్వే సంస్థ) మ్యాపు తెరవాలి. అబర్డీన్‌షైర్ మొదటి ముద్రణ కొలతలు 1864-71 మధ్య జరిగాయి, కొలిమి ఉన్న చోట సాధారణంగా "స్మిదీ" అని ఉంటుంది. 1841లో జర్నీమన్ ఇంట్లో, ఇప్పుడు బయట. ఈ మార్పు చూసి కమ్మరి పని తగ్గిందని తేల్చేవాళ్లున్నారు. పని తగ్గలేదు, పడుకునే చోటు మారింది. ఇంట్లో అత్తగారు వచ్చి చేరాక మంచం ఒకటి ఖాళీ చేయక తప్పదు కదా.

అత్తగారి ఇంటిపేరు సంగతి. భర్త పోయిన స్కాటిష్ స్త్రీ తన పుట్టింటి పేరుకు తిరిగి వెళ్లడం మామూలే. కాబట్టి భార్య పుట్టింటి పేరు ఆమె తండ్రిది, అత్తగారి పేరు అత్తగారి తండ్రిది. దీన్ని ఖాయం చేసింది భార్య 1866 మరణ పత్రం. స్కాటిష్ మరణ నమోదులో తండ్రి పేరు, తల్లి పేరు, తల్లి పుట్టింటి పేరు మూడూ ఉంటాయి. ఆ మూడో పేరు 1851 అత్తగారి పేరుతో కలిసింది. ఇంగ్లండ్ మరణ పత్రాల్లో ఇది దొరకదు. స్కాట్లండ్‌లో వెతికేవాళ్లకు ఇంతకంటే మంచి పనిముట్టు లేదు. ఒక జాగ్రత్త: ఆ రోజుల్లో "మదర్ ఇన్ లా" అన్న మాట సవతితల్లికి కూడా వాడేవాళ్లు. కాబట్టి ఆ గడి ఒక్కదాన్నే నమ్మి అత్తగారని రాయకూడదు.

పదహారేళ్ల పెద్దకూతురు పనికి వెళ్లి ఉంటుందనేది మొదటి ఊహ. వెతకాల్సింది పుట్టిన పారిష్‌తో, వయసుకు రెండేళ్లు అటూ ఇటూ ఇచ్చి, చుట్టుపక్కల పారిష్‌లలో. మొదటి పేరు విషయంలో పట్టు విడుపు ఉండాలి. జానెట్, జెస్సీ ఒకరే కావచ్చు. మార్గరెట్, మ్యాగీ, పెగ్గీ ఒకరే. ఎల్స్‌పెట్ అన్న పిల్లను ఎలిజబెత్ అని రాసేస్తారు. మోనీమస్క్ పారిష్‌లో ఒక పొలం ఇంట్లో 16 ఏళ్ల పనిపిల్లగా ఆమె దొరికింది. తన ఇంట్లో 1841లో ఇంకొకరి పిల్ల పనిచేసింది, పదేళ్లకు ఆ ఇంటిపిల్ల ఇంకొకరి ఇంట్లో పనిచేస్తోంది. దీన్ని పేదరికం కింద లెక్కవేయకూడదు. పల్లె చేతివృత్తివాళ్ల ఆడపిల్లలకు అది వయసులో భాగం.

1846లో పుట్టిన చిన్నకొడుకు బాప్తిస్మం పారిష్ పుస్తకంలో లేదు. అన్నలవీ అక్కలవీ ఉన్నాయి. కారణం 1843లో స్కాట్లండ్ చర్చి నుంచి ఫ్రీ చర్చి విడిపోవడం. ఫ్రీ చర్చిలోకి వెళ్లిన కుటుంబాల పిల్లలు ఆ తర్వాత పాత పారిష్ పుస్తకంలో కనిపించరు. ఫ్రీ చర్చి బాప్తిస్మాల పుస్తకంలో వెతకాలి. ఒక్కసారిగా పిల్లల నమోదు ఆగిపోయి, సెన్సస్‌లో మాత్రం పిల్లలు పుడుతూనే ఉంటే ముందు చూడాల్సింది ఇదే.

పిల్లల పేర్ల వరుస కూడా ఒక ఆధారం. మొదటి కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు. మొదటి కూతురికి తల్లి తల్లి పేరు, రెండో కూతురికి తండ్రి తల్లి పేరు. తాత పేరు మనవడికి పెట్టుకునే మనకు ఇది చెప్పక్కర్లేదు. ఇది వెతకడానికి దారి చూపుతుంది, రుజువు కాదు.

1861: మూడు కిటికీ గదులు, మూడేళ్ల "కొడుకు"

కమ్మరి 50 (అసలు 52), భార్య 48 (అసలు 49), 21 ఏళ్ల రెండో కొడుకు "జర్నీమన్ కమ్మరి", 18 ఏళ్ల కూతురు, 14 ఏళ్ల కొడుకు, 16 ఏళ్ల అప్రెంటిస్, మూడేళ్ల కొడుకు. ఏడుగురు, కిటికీ ఉన్న గదులు 3.

గదుల అంకెను జాగ్రత్తగా వాడాలి. కొలిమి ఇందులోకి రాదు. కిటికీ లేని అర, అటక రావు. చెక్క తలుపులు మూసుకునే పెట్టె మంచాలు ఈ ఇళ్లలో గోడవారన ఉండేవి, కాబట్టి మూడు గదులంటే మూడు పడకలు కాదు. ఆ ఏడు స్కాట్లండ్ ఇళ్లలో దాదాపు మూడో వంతు ఒకే గదివి. ఈ లెక్కన ఈ ఇల్లు కూలివాళ్ల ఇళ్లకంటే ఒక మెట్టు పైన.

పెద్దకొడుకు లేడు. కొలిమి పెద్దవాడికే వస్తుందనుకోవడం తొందరపాటు. అతనికి 21 వచ్చేసరికి తండ్రికి 50. దాగలి ముందు ఇద్దరు పెద్ద కమ్మరులకు చోటు లేదు. రెండోవాడికి 31 వచ్చేసరికి తండ్రికి 62. కొలిమి ఎవరికి దక్కుతుందనేది చాలాసార్లు పుట్టిన వరుసను బట్టి కాక, తండ్రి చెయ్యి వాలే కాలాన్ని బట్టి తేలుతుంది. పెద్దవాడు అబర్డీన్ నగరంలో ఇంజన్లకు పనిచేసే కమ్మరిగా కనిపించాడు. 1854లో రైలు హంట్లీ దాకా, 1859లో అల్ఫోర్డ్ దాకా వచ్చింది, అదే రైలు ఊరి కమ్మరి కొడుకులను నగరానికి మోసింది. ఎక్కడా దొరకని కొడుకు సైన్యంలోనో, కెనడాలోనో, మద్రాసు ప్రెసిడెన్సీలోనో ఉండవచ్చు. మద్రాసు వైపు బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డులలో ఎన్/2 వరుసలో ఉంటాయి. సికింద్రాబాద్, బిట్రగుంట రైల్వే కాలనీల ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు తమ స్కాటిష్ మూలాలు వెతికేది సరిగ్గా ఈ దారినే, అటునుంచి ఇటు.

ఇప్పుడు మూడేళ్ల పిల్లాడు. అతని పైవాడు 1846లో పుట్టాడు. మధ్యలో పదకొండేళ్ల ఖాళీ. పిల్లాడు పుట్టేనాటికి తల్లికి 46 నిండాలి. ఈ రెండూ కలిసి కనిపిస్తే సెన్సస్ మాట పక్కనపెట్టి జనన నమోదు తెరవాలి. 1855 తర్వాతివాడు కాబట్టి నమోదు ఉండి తీరాలి. ఉంది: 1857 నవంబర్, తల్లి పేరు దగ్గర పెద్దకూతురు, వృత్తి ఇంటిపని. తండ్రి పేరు లేదు. పెళ్లి కాని తల్లికి పుట్టినవాడని పేరు కింద రాశారు. పిల్లాడికి తల్లి ఇంటిపేరే వచ్చింది, అది తాతదే కూడా. అందుకే కాగితం మీద కొడుకుగా ఇట్టే కలిసిపోయాడు.

తండ్రి ఎవరో తెలియాలంటే రెండు చోట్లు. షెరీఫ్ కోర్టు (అక్కడి స్థానిక కోర్టు) తీర్పు వచ్చి ఉంటే జనన నమోదు పక్కన, సవరణల రిజిస్టర్‌ను చూడమని చిన్న గుర్తు ఉంటుంది. లేకపోతే చర్చి పెద్దల సమావేశాల పుస్తకం. తల్లిని పిలిచి అడిగి, చెప్పిన పేరు రాసుకునేవాళ్లు. ఆ రోజుల్లో ఈశాన్య స్కాట్లండ్‌లో ఇలాంటి పుట్టుకలు దేశంలో చాలా చోట్లకంటే ఎక్కువ. పిల్లాణ్ని అమ్మమ్మ తాతల దగ్గర వదిలి తల్లి మళ్లీ పనికి పోవడం అక్కడ ఇళ్లకు తెలిసిన ఏర్పాటు. వంశవృక్షంలో దీన్ని దాచిపెట్టడమూ తప్పే, వింతగా చూపడమూ తప్పే. తల్లి ఎవరో, ఆధారం ఏమిటో రాస్తే చాలు.

ఇంకో చిన్న ఉచ్చు: 14 ఏళ్లవాడి వృత్తి గడిలో "కమ్మరి కొడుకు" అని ఉంది. అది వృత్తి కాదు, తండ్రి ఫలానా అని చెప్పడమే. అలాగే "కమ్మరి భార్య". ఇండెక్సుల్లో ఇవి ఒట్టి "కమ్మరి"గా మారి, ఒక ఇంట్లో నలుగురు కమ్మరులు తేలుతారు. భార్య గడి ఖాళీగా ఉన్నా ఆమె పని చేయలేదని కాదు. అయిదెకరాల చెక్కతో, ఆవుతో ఉన్న ఆ ఇంట్లో పాలు, వెన్న, కోళ్లు ఆమెవే.

సెన్సస్‌ల మధ్య ఖాళీ

1855 నుంచి ఏటా రాసిన వాల్యుయేషన్ రోల్స్‌లో (ఆస్తుల విలువ జాబితాల్లో) భూమి యజమాని, కౌలుదారు, ఏడాది అద్దె ఉంటాయి. ఏడాదికి 4 పౌండ్లలోపు అద్దెవాళ్ల పేర్లు తరచూ ఉండవు కానీ, ఇల్లు, కొలిమి, చెక్క కలిసిన కమ్మరి సాధారణంగా ఆ గీతకు పైనే. స్కాట్లండ్స్‌పీపుల్‌లో 1855, 1865, 1875, 1885, 1895 రోల్స్ ఇండెక్సులో ఉన్నాయి, సరిగ్గా సెన్సస్‌ల మధ్య ఏళ్లు. ఈ కేసులో 1865 రోల్‌లో కౌలుదారు తండ్రి, 1875లో రెండో కొడుకు. 1871 సెన్సస్‌లో ఇంటిపెద్ద ఇంకా తండ్రే కాబట్టి కొలిమి చేతులు మారింది 1871కీ 1875కీ మధ్య. ఏటి రోల్స్ ఆర్కైవ్‌లో ఒక్కొక్కటి తిప్పితే ఏడాది కూడా తేలుతుంది.

1871లో భార్య లేదు, 62 ఏళ్ల కమ్మరి ఒంటరి. రెండో కొడుకు 31, కోడలు 28, ఇద్దరు చిన్నపిల్లలు, ఒక అప్రెంటిస్, బడికి పోతున్న 13 ఏళ్ల పిల్లాడు. ఈసారి అతని పక్కన "మనవడు" అని ఉంది. అమ్మమ్మ పోయింది, కాగితం నింపే చెయ్యి మారింది, నిజం గడిలోకి వచ్చింది. 1861 పేజీ ఒక్కటే చూసి వంశవృక్షం గీసినవాళ్లు ఇక్కడ దిద్దుకోవాలి.

1881లో కొడుకు 41, "యజమాని, ఒక మనిషి పనిలో ఉన్నాడు, 8 ఎకరాలు". తండ్రి 72, "పని మానిన కమ్మరి". ఆ ఏడు గేలిక్ (స్కాట్లండ్ కొండప్రాంతాల పాత భాష) మాట్లాడతారా అన్న ప్రశ్న కొత్తగా చేరింది. ఇంట్లో అందరికీ ఖాళీ. ఆ ఖాళీ జవాబే, చిరిగిన పేజీ కాదు. తండ్రి 1884 మరణ పత్రంలో అతని తల్లిదండ్రుల పేర్లు 1808 బాప్తిస్మంతో కలిశాయి. పైన పన్నెండు నెలల లెక్కకు ముద్ర పడింది అక్కడే.

1891 ఏప్రిల్ 5

ఈ ఆరు సెన్సస్‌లూ విక్టోరియా రాణి కాలానివి. ఆమె 1901 జనవరి 22న చనిపోయింది, ఆ ఏడు సెన్సస్ మార్చి 31న. కాబట్టి ఆమె కాలపు చివరి లెక్క 1891దే.

ఈ ఫారంలో మూడు గడులు: పని ఇచ్చేవాడు, పని చేసేవాడు, రెండూ కాక సొంతంగా చేసుకునేవాడు. 51 ఏళ్ల కమ్మరికి గుర్తు మూడోదాంట్లో ఉంది. ఇంట్లో నలుగురు: అతను, భార్య, 18 ఏళ్ల కొడుకు, 15 ఏళ్ల కూతురు. అప్రెంటిస్ లేడు, జర్నీమన్ లేడు. ఎన్యూమరేటర్లు ఈ గుర్తులను తరచూ తప్పు గడిలో పెట్టారు, కాబట్టి ఇంట్లో ఉన్న చేతులతో సరిచూడాలి. ఇక్కడ రెండూ ఒకటే చెబుతున్నాయి: సమ్మెట కొడుకు చేతికి వచ్చింది, బయటి మనిషి అవసరం తీరింది. కిటికీ ఉన్న గదులు 4. ఈ పేజీ పాత డిస్ట్రిక్ట్ నంబరు కింద దొరక్కపోతే పక్క పారిష్‌లో చూడాలి.

మిగిలింది మనవడు. 33 ఏళ్లు, అల్ఫోర్డ్‌లో పుట్టినవాడు, రైల్వే కమ్మరి. ఈ మూడింటితో వెతికితే అబర్డీన్‌లో, గ్రేట్ నార్త్ ఆఫ్ స్కాట్లండ్ రైల్వే పనిశాలలున్న కిట్టీబ్రూస్టర్ దగ్గర దొరికాడు. అదే పేరు, అదే వయసు ఉన్నవాళ్లు నగరంలో ఇంకొందరు ఉండవచ్చు కాబట్టి అతని పెళ్లి నమోదు కూడా తీయాలి. అందులో తండ్రి గడి ఖాళీ, తల్లి గడిలో పెద్దకూతురి పేరు. సెన్సస్ పేజీలో అతని కింద భార్య, ఇద్దరు పిల్లలు, ఆఖరి వరుసలో 56 ఏళ్ల స్త్రీ, అతని ఇంటిపేరే. పెళ్లి గడిలో "కాలేదు". ఇంటిపెద్దకు ఏమవుతుంది అన్న గడిలో "తల్లి".